13 బ్యాండ్ల ఈక్వలైజర్: బాస్ గుమ్మంటోంది, గొంతు వెనక్కి పోతోంది, 'స' గుచ్చుతోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

#1 – నల్లమల_రోడ్స్

అందరికీ నమస్కారం. సెటప్ ఇదీ: హ్యాచ్‌బ్యాక్ కారు. 13 బ్యాండ్ల ఈక్యూ (ఈక్వలైజర్, ఒక్కో ఫ్రీక్వెన్సీని విడిగా పెంచి తగ్గించేది) ఉన్న 2-డిన్ హెడ్ యూనిట్ (డ్యాష్‌బోర్డులోని స్టీరియో). ముందు తలుపుల్లో 6.5 అంగుళాల కాంపొనెంట్ సెట్ (వూఫర్లు తలుపుల్లో, పై స్వరాల ట్వీటర్లు సైడ్ మిర్రర్ మూలన, ధ్వనిని రెంటికీ పంచే పాసివ్ క్రాసోవర్‌తో), వెనక తలుపుల్లో కంపెనీ స్పీకర్లు, ఎడమ సీటు కింద 8 అంగుళాల యాక్టివ్ సబ్ (సొంత యాంప్ ఉన్న బాస్ స్పీకర్). వేరే యాంప్ లేదు, తలుపు స్పీకర్లన్నీ హెడ్ యూనిట్ మీదే నడుస్తున్నాయి.

ఇప్పుడున్న సెట్టింగ్స్: 50 హెర్ట్జ్ +6, 80 హెర్ట్జ్ +6, 125 దగ్గర +4, 500 దగ్గర -3, 800 దగ్గర -4, 8 కిలోహెర్ట్జ్ +5, 12.5 కిలోహెర్ట్జ్ +6. బాస్ బూస్ట్ +4, లౌడ్‌నెస్ హై, సరౌండ్ ఎఫెక్ట్ ఆన్. హెడ్ యూనిట్‌లో క్రాసోవర్లు ఏవీ పెట్టలేదు. టైమ్ అలైన్‌మెంట్ (స్పీకర్లకు డిలే, అంటే ఆలస్యం పెట్టేది) ఆఫ్.

ఇబ్బందులు మూడు. వాల్యూమ్ 40లో 25 దాటితే బాస్ గుమ్మంటుంది. పాట గొంతు కుడి తలుపులోంచి, మోకాలి దగ్గర నుంచి వస్తున్నట్టు ఉంటుంది. స, శ, ష చెవిలో గుచ్చుతాయి. ఏది ముందు సరిచేయాలో చెప్పండి.

#2 – డీఎస్‌పీ_మూర్తి

ముందు అన్నీ సున్నాకు తెచ్చేయండి. ఈక్యూ ఫ్లాట్, బాస్ బూస్ట్ సున్నా, లౌడ్‌నెస్ ఆఫ్, సరౌండ్ ఆఫ్, బ్యాలెన్స్, ఫేడర్ మధ్యలో. ఫోన్‌లోనూ, పాటల యాప్‌లోనూ ఈక్యూ ఉంటే అదీ ఆఫ్. ఒకే పాటకు రెండు చోట్ల ఈక్యూ వేస్తే ఏ తేడా ఎక్కడినుంచి వస్తోందో మీకే తెలియదు.

ఎందుకంటే ఈ లెక్క చూడండి. 80 హెర్ట్జ్ దగ్గర ఈక్యూలో +6, బాస్ బూస్ట్‌లో +4, లౌడ్‌నెస్ హైలో ఇంకో 6 డీబీ కలిసిందనుకుంటే మొత్తం 16 డీబీ. ప్రతి 3 డీబీకి పవర్ రెట్టింపు కావాలి, 10 డీబీకి పదింతలు కావాలి. 16 డీబీ అంటే దాదాపు 40 రెట్లు. గొంతుకు 1 వాటు సరిపోతున్నచోట, అదే స్థాయిలో రికార్డయిన బాస్ దెబ్బకు 40 వాట్లు అడుగుతున్నారు. డబ్బా మీద 4×50 అని రాసి ఉన్నది గరిష్ఠ అంకె. మాన్యువల్ చివరి పేజీల్లో ఆర్‌ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగల పవర్) చూడండి, 4 ఓమ్స్ దగ్గర సాధారణంగా 15 నుంచి 22 వాట్ల మధ్య ఉంటుంది. అంటే 25 దాటాక మీరు వింటున్నది బాస్ కాదు, క్లిప్పింగ్. వేవ్ తల తెగిపోతే కొత్త హార్మోనిక్స్ పుడతాయి, అవి ట్వీటర్‌కు వెళ్తాయి. 'స' గుచ్చడంలో కొంత వాటా దీనిదే.

వరస ఇలా పెట్టుకోండి: వైరింగ్, పొలారిటీ. తర్వాత క్రాసోవర్. తర్వాత స్పీకర్ లెవల్స్, డిలే. చిట్టచివర ఈక్యూ. ఈ వరస తప్పితే చేసిన ఈక్యూ మళ్లీ మొదటినుంచి చేయాల్సిందే.

#3 – వైరింగ్_బాషా

మూర్తిగారు చెప్పిన మొదటి మెట్టు చాలామంది వదిలేస్తారు. ఒక స్పీకర్‌కు ప్లస్, మైనస్ తారుమారైతే బాస్ సగం చచ్చిపోతుంది. దాన్ని పూడ్చాలని జనం 80 దగ్గర +6 పెట్టుకుంటారు.

తలుపు వూఫర్ చెక్ చేయడం తేలిక. స్పీకర్ వైర్లు హెడ్ యూనిట్ నుంచి, క్రాసోవర్ నుంచి పూర్తిగా విప్పి, మామూలు 1.5 వోల్టుల బ్యాటరీని ఒక్క క్షణం తాకించండి. బ్యాటరీ ప్లస్ స్పీకర్ ప్లస్‌కు తగిలినప్పుడు కోన్ బయటికి రావాలి. లోపలికి వెళ్తే తారుమారు అయినట్టే. ట్వీటర్‌కు మాత్రం బ్యాటరీ పెట్టొద్దు. దాని కాయిల్ సన్నం, డీసీ తట్టుకోదు. క్రాసోవర్ మీద గుర్తులు చూసి వైర్ రంగుతో సరిపోల్చుకోండి చాలు.

క్రాసోవర్ డబ్బా మూత తీస్తే ట్వీటర్‌కు 0 / -3 డీబీ జంపర్ ఉంటుంది చాలా సెట్లలో. మిర్రర్ మూలన ఉన్న ట్వీటర్ చెవికి దగ్గర, పైగా అద్దం మీద నుంచి తిరిగొస్తుంది. -3 దగ్గర పెట్టి వినండి. 'స' సగం అక్కడే తగ్గుతుంది.

ఇంకోటి. తలుపులో స్పీకర్ బిగించిన రింగు ఏంటి? ఎండీఎఫ్ చెక్క అయితే రెండు వానాకాలాల్లో ఉబ్బిపోతుంది, స్క్రూలు పట్టు వదులుతాయి. ఏబీఎస్ ప్లాస్టిక్ రింగు మేలు. రింగుకూ రేకుకూ మధ్య ఫోమ్ గ్యాస్కెట్ లేకపోతే కోన్ వెనక గాలి ముందుకొచ్చి మిడ్‌బాస్‌ను కొట్టేస్తుంది. దీన్ని ఏ ఈక్యూ తిరిగి తేలేదు.

#4 – ఓరుగల్లు_బీట్స్

అన్నా, అన్నీ ఫ్లాట్ పెడితే పాట చప్పగ ఉంటది కద. దుకాణాల డెమో ఇచ్చేటప్పుడు గూడ అందరు V ఆకారంలనే పెడ్తరు. గది తప్పంటరా?

#5 – డీఎస్‌పీ_మూర్తి

తప్పని కాదు. అది తక్కువ వాల్యూమ్‌లో బాగుండే ఆకారం. వాల్యూమ్ తగ్గేకొద్దీ మన చెవికి బాస్, మరీ పై స్వరాలు తక్కువగా వినబడతాయి. ఫ్లెచర్, మన్సన్ 1933లోనే దీని గ్రాఫులు గీశారు, లౌడ్‌నెస్ బటన్ పుట్టింది అందుకే. దుకాణంలో మెల్లగా వినిపిస్తారు, V బాగుంటుంది. హైవే మీద వాల్యూమ్ పెంచగానే అదే V అటు బాస్‌నూ ఇటు 'స'నూ మీదికి తోస్తుంది, మధ్యలో 500 నుంచి 2 కిలోహెర్ట్జ్ దాకా గొయ్యి. గొంతులో మాట అర్థమయ్యేది ఆ గొయ్యిలోనే.

ఫ్లాట్ అన్నది వినడానికి కాదు, మొదలుపెట్టడానికి. చివరికి బాస్ మిడ్స్ కంటే ఎత్తులోనే ఉంటుంది. కాకపోతే ఆ ఎత్తు సబ్ లెవల్‌తో తెచ్చుకోవాలి, 20 వాట్ల హెడ్ యూనిట్‌ను పిండి కాదు.

క్రాసోవర్లు ఇలా పెట్టండి. ముందు తలుపులకు హై పాస్ (ఆ పైవి మాత్రమే పంపేది) 80 హెర్ట్జ్, స్లోప్ (కోత ఎంత నిటారుగా ఉందో) 12 డీబీ. సబ్‌కు లో పాస్ (ఆ కిందివి మాత్రమే పంపేది) 80 హెర్ట్జ్, స్లోప్ ఉంటే 24 డీబీ. సబ్ డబ్బా మీద కూడా లో పాస్ నాబ్ ఉంటుంది. హెడ్ యూనిట్‌లో పెట్టినప్పుడు డబ్బా మీది నాబ్‌ను పూర్తిగా పైకి తిప్పేయండి. రెండు ఫిల్టర్లు ఒకదాని మీద ఒకటి పడితే 60–80 మధ్య పల్లం ఏర్పడుతుంది. సబ్ మీద బాస్ బూస్ట్ నాబ్ ఉంటే సున్నా. తలుపు స్పీకర్ల నుంచి 80 కింది బరువు దింపేస్తే అదే హెడ్ యూనిట్‌లో వాల్యూమ్ ఇంకొంచెం శుభ్రంగా పైకి పోతుంది.

#6 – ఎన్‌హెచ్_65

80 దగ్గర నాకు అభ్యంతరం ఉంది. సీటు కింద సబ్‌ను 80 దాకా పాడిస్తే బాస్ గిటార్, తబలా గుమకం సీటు కింద నుంచే వస్తాయి. 8 అంగుళాల డబ్బా, రేకుల నేల, అన్నీ కలిసి పైన శబ్దం చేస్తాయి. మంచి కాంపొనెంట్లు ఉన్నప్పుడు తలుపులకు 63 పెట్టి, సబ్‌ను 63 దగ్గర ఆపేస్తే బాస్ డ్యాష్‌బోర్డు మీదికి వస్తుంది.

#7 – డీఎస్‌పీ_మూర్తి

63 మంచిదే, తలుపులు డ్యాంపింగ్ చేసి (రేకు అదరకుండా షీటు అంటించి) ఉండి, వేరే యాంప్ ఉంటే. నల్లమలగారి విషయంలో రెండూ లేవు. ఒకే ధ్వనికి 80 నుంచి 63కు దిగితే కోన్ కదలిక 1.6 రెట్లు అవుతుంది: ఫ్రీక్వెన్సీ సగమైతే కదలిక నాలుగింతలు కావాలి. హెడ్ యూనిట్ పవర్ మీద, ఖాళీ తలుపులో, అది మోత తప్ప బాస్ ఇవ్వదు.

సబ్ సీటు కింద నుంచి వినబడుతోందంటే చాలాసార్లు కారణం కటాఫ్ కాదు, సబ్ లెవల్ ఎక్కువ కావడం లేదా సీటు పట్టాలో ఏదో గిలక్కాయలా కొట్టుకోవడం. గిలక శబ్దం పై ఫ్రీక్వెన్సీలో ఉంటుంది కాబట్టి చెవి దాని దిక్కు పట్టేస్తుంది. ముందు అది వెతకాలి. అప్పటికీ వినబడితే 70కి దించి చూడండి.

#8 – వైరింగ్_బాషా

మోతలు వెతికే పద్ధతి చెప్తాను. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ వేసి, ఇంజిన్ ఆఫ్, ఏసీ ఆఫ్, 40 నుంచి 200 హెర్ట్జ్ దాకా మెల్లగా జరుపుతూ పోండి. ఎక్కడ 'జుర్ర్' మంటుందో అక్కడ ఆపి తలుపు ప్యానెల్ మీద అరచేత్తో గట్టిగా నొక్కండి. నొక్కితే ఆగిందా, అది క్లిప్పు వదులు. నొక్కినా ఆగలేదా, లోపల లాక్ రాడ్డో వైర్ హార్నెసో రేకుకు కొట్టుకుంటోంది. రాడ్డుకు ఫోమ్ టేపు చుట్టండి, హార్నెస్‌కు క్లాత్ టేపు. హ్యాచ్‌బ్యాక్‌లో వెనక నంబర్ ప్లేటు, పార్సిల్ ట్రే కూడా చూడండి.

డ్యాంపింగ్ కావాలంటే 2 మి.మీ. బ్యూటైల్ షీటు. బయటి రేకు మొత్తం కప్పనక్కర్లేదు, స్పీకర్ ఎదురుగా, రేకు మధ్యలో కలిపి మూడో వంతు కప్పినా బొంగురు చాలావరకు పోతుంది. రేకు మీద దుమ్ము, నూనె స్పిరిట్‌తో తుడిచి, రోలర్‌తో నొక్కాలి. ఆ తర్వాత లోపలి రేకులో పెద్ద రంధ్రాలు మూయాలి, గాలి ముందుకీ వెనక్కీ కలవకుండా. తలుపు అడుగున నీళ్లు పోయే సందులు మాత్రం వదిలేయండి. అవి మూస్తే వానలో నీళ్లు తలుపులో నిలిచి తుప్పు పడుతుంది. షీటు వేసేముందు అద్దం పూర్తిగా దించి స్పీకర్ మ్యాగ్నెట్‌కు ఎంత ఖాళీ ఉందో చూసుకోండి.

#9 – నల్లమల_రోడ్స్

ఎడమ వూఫర్ తారుమారుగా ఉంది, సరిచేశాను. ట్వీటర్ జంపర్ -3 పెట్టాను. క్రాసోవర్లు 80/80. గుమ్మనడం బాగా తగ్గింది. గొంతు మాత్రం ఇంకా కుడి పక్కనే ఉంది, కొంచెం పీలగా కూడా ఉంది. 315 దగ్గర +4 ఇచ్చినా నిండుగా రావట్లేదు.

#10 – డీఎస్‌పీ_మూర్తి

ఈ పీలదనం ఈక్యూతో పోదు. కారణం ఇదీ.

డ్రైవర్ సీట్లో మీ తల నుంచి రెండు వైపుల స్పీకర్లకు దూరం కొలవండి. మామూలు హ్యాచ్‌బ్యాక్‌లో కుడి తలుపు 80 సెం.మీ., ఎడమ తలుపు 130 సెం.మీ. అనుకుందాం. తేడా 50 సెం.మీ. ధ్వని సెకనుకు 343 మీటర్లు పోతుంది. 50 సెం.మీ. సరిగ్గా సగం తరంగం అయ్యే ఫ్రీక్వెన్సీ 343 హెర్ట్జ్. అక్కడ కుడి స్పీకర్ నెడుతున్నప్పుడు ఎడమ స్పీకర్ లాగుతుంది, రెండూ మీ చెవి దగ్గర కొట్టుకుపోతాయి. గొంతు రెండు ఛానెళ్లలోనూ సమానంగా రికార్డవుతుంది కాబట్టి దెబ్బ దానికే ఎక్కువ. 315కి +4 ఇస్తే రెండు వైపులా పెరుగుతుంది, కొట్టుకుపోయేదీ పెరుగుతుంది. ఫలితం సున్నా, హెడ్ యూనిట్‌కు బరువు.

పరీక్ష చేసుకోవచ్చు. బ్యాలెన్స్ పూర్తిగా కుడికి తిప్పి వినండి, గొంతు నిండుగా ఉంటుంది. పూర్తిగా ఎడమకు తిప్పినా నిండుగానే ఉంటుంది. మధ్యకు తేగానే పీలబడుతుంది. అలా జరిగితే అది డిలే సమస్యే.

సరిచేయడం: దగ్గరున్న స్పీకర్‌ను ఆలస్యం చేయాలి. సూత్రం ఒక్కటే. అన్నిటికంటే దూరంగా ఉన్న స్పీకర్ దూరంలోంచి ఈ స్పీకర్ దూరం తీసేసి, సెంటీమీటర్లలో వచ్చినదాన్ని 34.3తో భాగించండి. వచ్చేది మిల్లీసెకన్లు.

ఎడమ తలుపు: 130 – 130 = 0, డిలే 0.
కుడి తలుపు: 130 – 80 = 50, డిలే 1.46 మి.సె.
సబ్ (తల నుంచి 100 సెం.మీ. అయితే): 30, డిలే 0.87 మి.సె.

టేపు పెట్టేది ముక్కు కొస దగ్గర. సీటు మీరు నడిపే స్థితిలోనే ఉండాలి, వీపు ఆనించి. పాసివ్ క్రాసోవర్ కాబట్టి ట్వీటర్, వూఫర్ ఒకే ఛానెల్, విడిగా డిలే కుదరదు. ఈ రెంటిలో వూఫర్ దూరాన్నే లెక్కలోకి తీసుకోండి.

కొన్ని హెడ్ యూనిట్లు మిల్లీసెకన్లు కాకుండా దూరమే అడుగుతాయి, 2.5 సెం.మీ. మెట్లలో. వాటిలో అసలు దూరం అలాగే కొట్టండి, తీసివేత అదే చేసుకుంటుంది. ఇక్కడ తేడా తెలియక 50 కొట్టేసేవాళ్లు ఎక్కువ. మాన్యువల్ ఒకసారి చూడండి.

#11 – డల్లాస్_డ్రైవ్

మూర్తిగారూ, చిన్న చేర్పు. అమెరికాలో మాకు స్టీరింగ్ ఎడమ పక్క, కాబట్టి పై అంకెలన్నీ అద్దంలో చూసినట్టు తిప్పుకోవాలి: ఎడమ తలుపుకు డిలే. ఇక్కడినుంచి కాపీ చేసిన సెట్టింగ్ ఫైల్స్ ఇండియా కారులో నేరుగా ఎక్కిస్తే అసలున్న దోషం రెట్టింపవుతుంది. ఆన్‌లైన్ వీడియోల్లో ఉన్న డిలే అంకెలు ఎక్కువగా ఎడమ స్టీరింగ్ కార్లవే.

#12 – శ్రుతి_శ్రోత

డిలే సరిపోయిందో లేదో తేల్చుకోవడానికి ఘంటసాల కాలం నాటి మోనో పాట కంటే మంచి పరీక్ష లేదు. మోనో అంటే కుడిలో, ఎడమలో ఒకటే సిగ్నల్. అన్నీ కుదిరితే గొంతు, వాద్యాలు అన్నీ డ్యాష్‌బోర్డు మధ్యలో ఒకే చోట గుమిగూడాలి. గొంతు మధ్యలో ఉండి వయొలిన్లు మాత్రం కుడికి పాకితే పైన, అంటే 2–5 కిలోహెర్ట్జ్ దగ్గర, రెండు వైపుల మధ్య స్థాయి తేడా ఉంది. అంతా కలిసి కుడికి ఒరిగితే డిలే చాలలేదు, కుడికి 0.05 మి.సె. చొప్పున పెంచుకుంటూ పోండి. ఎడమకు దాటిపోతే వెనక్కి.

ఒక జాగ్రత్త. 'స్టీరియో ఎన్‌హాన్స్‌డ్' అని, కొత్తగా సాగదీసిన పాత పాటలు వాడొద్దు. వాటిలో కృత్రిమంగా ఫేజ్ (రెండు వైపుల తరంగాల పొందిక) మార్చి ఉంటుంది, మధ్య అనేదే ఉండదు.

'స' పరీక్షకు పాట కూడా అక్కర్లేదు. వార్తలు చదివే గొంతు పెట్టండి. 'శాసనసభ సమావేశాలు' అన్నప్పుడు శ, స రెండూ వేరువేరుగా వినబడాలి, ఏదీ బుసకొట్టకూడదు. 'శ' గరగరలాడితే 3.15–5 కిలోహెర్ట్జ్, 'స' బుసకొడితే 5–8 కిలోహెర్ట్జ్ చూడండి.

#13 – ఓరుగల్లు_బీట్స్

కుడి స్పీకర్ దగ్గర ఉంటది కాబట్టి సౌండ్ గూడ ఎక్కువే వస్తది కద. డిలే ఒక్కటే చాలుతదా?

#14 – ఎన్‌హెచ్_65

చాలదు. బయలులో అయితే 80కీ 130కీ మధ్య 4 డీబీ తేడా. కారులో ప్రతిధ్వనులు కలుస్తాయి కాబట్టి మామూలుగా 2–3 డీబీకి తగ్గుతుంది. కుడి ఛానెల్ లెవల్ -2తో మొదలుపెట్టండి. విడి లెవల్స్ లేకపోతే బ్యాలెన్స్‌ను ఎడమకు ఒకటి రెండు మెట్లు జరపండి.

సబ్‌కు పొలారిటీ స్విచ్ ఉంటుంది, 0/180. 80 హెర్ట్జ్ టోన్ పెట్టి, ముందు తలుపులూ సబ్బూ రెండూ మోగుతుండగా డ్రైవర్ సీట్లో కూర్చుని స్విచ్ మార్చండి. ఏది గట్టిగా వినబడితే అది సరైనది. ఆ తర్వాత సబ్ డిలేను అటూ ఇటూ జరిపి ఇంకా గట్టిగా వచ్చే చోట ఆపండి. టేపుతో కొలిచిన అంకె సబ్‌కు ఎప్పుడూ పూర్తిగా సరిపోదు, ఫిల్టర్ కూడా కొంత ఆలస్యం కలుపుతుంది.

వెనక స్పీకర్ల సంగతి ఎవరూ అడగలేదు. ముందు సీట్లలోనే వినేటట్లయితే ఫేడర్‌తో వెనకవాటిని పూర్తిగా ఆపేసి ట్యూన్ చేయండి. అయ్యాక, వెనక ఎవరైనా కూర్చుంటే 10 డీబీ తక్కువలో తెరవండి చాలు.

#15 – నల్లమల_రోడ్స్

దూరాలు కొలిచాను: కుడి 82, ఎడమ 134, సబ్ 104. కుడికి 1.52, సబ్‌కు 0.87 పెట్టాను. గొంతు మధ్యలోకి వచ్చింది, నిండుగానూ ఉంది. సబ్ పొలారిటీ 180లో గట్టిగా ఉంది. ఇక ఈక్యూ. ఫోన్‌లో ఆర్‌టీఏ యాప్ (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత వస్తోందో చూపేది) ఉంది, దాని గ్రాఫ్ నమ్మొచ్చా?

#16 – డీఎస్‌పీ_మూర్తి

బాస్ దగ్గర నమ్మొద్దు. చాలా ఫోన్ మైకులు 100 హెర్ట్జ్ కింద జారిపోతాయి, కొన్నిటిలో నాయిస్ తగ్గించే ప్రాసెసింగ్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, అది పింక్ నాయిస్‌ను (అన్ని ఫ్రీక్వెన్సీలూ ఉన్న పరీక్ష ధ్వని) రొదనుకుని అణచేస్తుంది. గ్రాఫ్‌లో బాస్ లేదని చూసి పెంచితే మళ్లీ మొదటికే వస్తారు. 200 హెర్ట్జ్ పైన కుడినీ ఎడమనూ పోల్చుకోవడానికి ఫోన్ పనికొస్తుంది, ఎందుకంటే మైకు తప్పు రెంటికీ ఒకటే.

పూర్తిగా కొలవాలంటే మినీడీఎస్‌పీ యూమిక్-1 లాంటి క్యాలిబ్రేటెడ్ యూఎస్‌బీ మైకు, ల్యాప్‌టాప్‌లో ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే కొలత ప్రోగ్రామ్ కావాలి. ఒకరి దగ్గర మైకు ఉంటే నలుగురు వాడుకోవచ్చు.

కొలిచే తీరు: అద్దాలు మూసి, ఏసీ బ్లోయర్ ఆపి, సీట్లో మనిషి కూర్చునే కొలవాలి. పింక్ నాయిస్ పెట్టి, మైకును తల ఉండే చోట, కుడి చెవి నుంచి ఎడమ చెవి దాకా, పైకీ కిందికీ ఒక నిమిషం పాటు మెల్లగా తిప్పుతూ సగటు తీయండి. ఒకే బిందువులో పెట్టి కొలిస్తే ఆ బిందువుకే చెందిన సన్నని గుంటలు కనబడతాయి, తల రెండు అంగుళాలు జరిగితే అవి ఉండవు. స్మూతింగ్ (గ్రాఫ్‌ను నునుపు చేయడం) 1/3 ఆక్టేవ్ చాలు, 13 బ్యాండ్లతో అంతకంటే సన్నంగా చేయగలిగేది లేదు. కుడి ఒకసారి, ఎడమ ఒకసారి, రెండూ కలిపి ఒకసారి.

టార్గెట్: 1 కిలోహెర్ట్జ్‌ను సున్నా అనుకుంటే, 60 కింద +8 దాకా, అక్కడినుంచి వాలుగా దిగి 200–250 దగ్గర సున్నాకు చేరి, 3 కిలోహెర్ట్జ్ దాకా సమంగా, 10 దగ్గర -3, 16 దగ్గర -5. కారులో పైవైపు కూడా ఫ్లాట్‌గా ఉంచితే గంట ప్రయాణంలో చెవులు అలసిపోతాయి.

దిద్దేటప్పుడు ఎత్తులు కోయండి, లోతులు పూడ్చకండి. వెడల్పుగా, ఎత్తుగా ఉన్న గుట్ట ముందు. ఇరుకు గుంటను వదిలేయండి, అది ప్రతిధ్వని వల్ల వచ్చింది. మీ బ్యాండ్లు 50, 80, 125, 200, 315 అలా ఉన్నాయి. గుట్ట 160 దగ్గర ఉంటే దానికి సొంత బ్యాండ్ లేదు, 125నూ 200నూ చెరో 2 డీబీ దించండి. పక్కపక్క బ్యాండ్లను ఒకటి +5, ఒకటి -5 అని పళ్ల చక్రంలా పెట్టొద్దు, వాటి ఫిల్టర్లు ఒకదానిలోకి ఒకటి వచ్చి ఫేజ్‌ను చెడగొడతాయి. ఎక్కడా +2 దాటొద్దు, -6 దాటొద్దు.

#17 – డల్లాస్_డ్రైవ్

ఎఫెక్టుల గురించి కూడా చెప్పండి. మెనూలో డజను బటన్లు ఉంటాయి.

#18 – ఎన్‌హెచ్_65

నా అభిప్రాయం ఇదీ.

సరౌండ్, 3డీ, స్టేజ్ వెడల్పు చేసేవి: ఆఫ్. ఇవి ఫేజ్ మార్చే వెడల్పు తెస్తాయి. మీరు టేపు పెట్టి కూర్చిన డిలే అంతా వృథా.

సోనీ డీఎస్‌ఈఈ, పయనీర్ సౌండ్ రిట్రీవర్, హర్మాన్ క్లారీ-ఫై లాంటివి: కంప్రెషన్‌లో పోయిన పై స్వరాలను అంచనా కట్టి కలుపుతాయి. పాత 128 కేబీపీఎస్ ఎంపీ3లకు పనికొస్తాయి. మంచి ఫైల్‌కు వేస్తే 8 కిలోహెర్ట్జ్ పైన గరుకుదనం చేరుతుంది.

బాస్ బూస్ట్: సబ్ ఉన్నవాళ్లకు అక్కర్లేదు. లౌడ్‌నెస్: రాత్రిపూట మెల్లగా వినేటప్పుడు లో దగ్గర పెట్టుకోండి, అదే దాని పని. వాల్యూమ్ పెంచేవాళ్లు ఆఫ్.

వేగాన్ని బట్టి వాల్యూమ్ పెంచేది: ఉంచుకోవచ్చు, అతి తక్కువ మెట్టులో. 90 వేగంలో టైర్ల రొద 200 కింద ఎక్కువ, పాటలో ముందు మాయమయ్యేది బాసే. అందుకే రెండు ప్రీసెట్లు చేసుకోండి. సిటీది మామూలు, హైవేది సబ్ లెవల్ +3, తక్కినవన్నీ అలాగే.

కంపెనీ హెడ్ యూనిట్ ఉంచుకుని యాంప్ తగిలించేవాళ్లకు ఒక మాట. మారుతి కార్లలో వచ్చే ఆర్కమిస్ లాంటి ప్రాసెసింగ్, వేరే కంపెనీల ఫ్యాక్టరీ ఈక్యూలు ఆ స్పీకర్లకు, ఆ తలుపులకు చేసినవి. చాలా ఫ్యాక్టరీ యూనిట్లు స్పీకర్లను కాపాడటానికి వాల్యూమ్ పెరిగేకొద్దీ బాస్ తగ్గిస్తాయి. అలాంటిచోట స్పీకర్ వైర్ల నుంచి సిగ్నల్ తీసుకుంటే యాంప్‌కూ ఆ కోసిన బాసే వస్తుంది. ఏ వాల్యూమ్‌లో తగ్గుతోందో కొలిచి, ఇన్‌పుట్‌ను సరిచేసే డీఎస్‌పీ (ధ్వనిని డిజిటల్‌గా దిద్దే డబ్బా) మధ్యలో పెట్టాలి.

#19 – వైరింగ్_బాషా

యాంప్ మాట వచ్చింది కాబట్టి గెయిన్ గురించి. గెయిన్ అంటే వాల్యూమ్ నాబ్ కాదు, వచ్చే సిగ్నల్‌కు యాంప్‌ను కుదిర్చేది. ఈక్యూ ఫ్లాట్, హెడ్ యూనిట్ వాల్యూమ్ నాలుగింట మూడొంతులు, స్పీకర్ విప్పేసి, తలుపులకైతే 1 కిలోహెర్ట్జ్, సబ్‌కైతే 50 హెర్ట్జ్, 0 డీబీ టోన్. యాంప్ అవుట్‌పుట్ దగ్గర మల్టీమీటర్ ఏసీ వోల్టులో పెట్టండి. రావాల్సిన వోల్టులు = వాట్లను ఓమ్స్‌తో గుణించి వర్గమూలం. 75 వాట్లు, 4 ఓమ్స్ అయితే 17.3 వోల్టులు. 300 వాట్లు, 2 ఓమ్స్ అయితే 24.5. అక్కడ ఆపేయండి. మామూలు చవక మీటర్లు 1 కిలోహెర్ట్జ్ దగ్గర తప్పు చూపిస్తాయి, అలాంటి మీటరైతే, ఆ ఛానెల్ హై పాస్ తాత్కాలికంగా తీసేసి, 100 హెర్ట్జ్ టోన్‌తో సెట్ చేయండి.

ప్లస్ వైర్‌కు బ్యాటరీ నుంచి 45 సెం.మీ. లోపే ఫ్యూజ్. గ్రౌండ్ పొట్టిగా, పెయింట్ గీకిన రేకు మీద. ఇంజిన్ రెవ్‌తో పాటు కూత పెరుగుతుంటే ముందు గ్రౌండ్ చూడండి, తర్వాత ఆర్‌సీఏ (సిగ్నల్) వైర్లు, పవర్ వైర్లు ఒకే పక్కన పోతున్నాయేమో చూడండి. ఫిల్టర్ కొనేది ఆఖరున.

#20 – నల్లమల_రోడ్స్

యూమిక్ మైకు అరువు దొరికింది. కుడి, ఎడమ సగటులో 125–200 మధ్య వెడల్పాటి గుట్ట, దాదాపు 5 డీబీ. 3.15 కిలోహెర్ట్జ్ దగ్గర 3 డీబీ, 8 దగ్గర 2 డీబీ. 500 దగ్గర ఇరుకు గుంట, వదిలేశాను.

ఇప్పుడు: 50 సున్నా, 80 సున్నా, 125 -3, 200 -3, 315 -1, 500 సున్నా, 800 సున్నా, 1.25 కిలోహెర్ట్జ్ సున్నా, 2 -1, 3.15 -3, 5 -1, 8 -2, 12.5 సున్నా. కుడి లెవల్ -2. సబ్ +2. వాల్యూమ్ 32 దాకా శుభ్రంగా పోతోంది. 'శ', 'స' విడివిడిగా వినబడుతున్నాయి. బ్లూటూత్‌లో కంటే యూఎస్‌బీలో సౌండ్ ఎక్కువగా, 30 దగ్గరే బొంగురుగా ఉంది. ఒకే ఈక్యూ కదా, ఎందుకు?

#21 – శ్రుతి_శ్రోత

అంకెలు చక్కగా ఉన్నాయి. ఫోన్ వాల్యూమ్ పూర్తిగా పెట్టారా? బ్లూటూత్‌లో ఫోన్ సగంలో ఉంటే హెడ్ యూనిట్‌కు బలహీనమైన సిగ్నల్ వస్తుంది. యూఎస్‌బీలో పాట ఉన్నది ఉన్నట్టు పూర్తి స్థాయిలో వస్తుంది. కొత్త సినిమా పాటలు మాస్టరింగ్‌లోనే పైకప్పు దాకా నొక్కి ఉంటాయి, హెడ్ యూనిట్‌లో కొంచెం పెంచినా క్లిప్ అవుతాయి.

#22 – డీఎస్‌పీ_మూర్తి

అవును. ఫోన్ వాల్యూమ్ పూర్తిగా పెట్టి, తర్వాత హెడ్ యూనిట్ మెనూలో సోర్స్ లెవల్ చూడండి. యూఎస్‌బీని -3 లేదా -4కు దించి బ్లూటూత్, ఎఫ్ఎంతో సమం చేయండి. 30 దగ్గరి బొంగురు పోవాలి.

పోయాక ఈక్యూ, క్రాసోవర్, డిలే, లెవల్స్ నాలుగు స్క్రీన్లకూ ఫోటోలు తీసి పెట్టుకోండి. బ్యాటరీ కేబుల్ విప్పితే కొన్ని యూనిట్లు అన్నీ మరిచిపోతాయి, సర్వీసింగ్‌కు ఇచ్చినప్పుడు అదే జరుగుతుంది. సబ్ గెయిన్ నాబ్ ఎక్కడ ఉందో మార్కర్‌తో గీత పెట్టండి, సీటు కింద వ్యాక్యూమ్ చేసేవాళ్ల చెయ్యి తగిలి తిరిగిపోతుంది.